ఇరవై ప్రాణాల అవ్వ

ముషీరాబాద్, హైదరాబాదు
12 జూన్ 1994

అరే మొగులప్పా,

బాగున్నావా, దుకాణం బాగుందా అని అడిగితే నువ్వు ఎలాగూ జవాబు రాయవు. అందుకని అవన్నీ వదిలేసి అసలు సంగతికి వస్తున్నాను. ఇవాళ ఆదివారం కదా, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో మన దయ్యాల పుస్తకం కనబడింది!

మనం చదివిన సంచిక కాదు గాని అదే ఇంగ్లీషు ఆటల పత్రిక. అట్ట మీద అదే కొమ్ముల రాక్షసుడు, వాడి ముందు కత్తి పట్టుకున్న మరుగుజ్జు. ట్యుటోరియల్‌లో ఇంగ్లీషు చెప్పే సారును అన్న సంగతి మరిచిపోయి అక్కడే బాసిపట్టు వేసుకుని కూర్చున్నాను. అమ్మేవాడు కొంటే కొను లేకపోతే లేవమన్నాడు. కొన్నాను.

గుర్తుందా? పొట్లాలు కట్టడానికి మీ నాన్న వీరప్ప హైదరాబాదు నుంచి తెప్పించిన పాత కాగితాల రద్దీ కట్టలో ఏడు సంచికలు బయటపడ్డాయి. సీమ కాగితం, నున్నగా జారిపోతుంది, దారం నిలవదు అని విసుక్కుని మూలకు పడేశాడు. నేను మిషన్ హాస్టల్లో చదివేవాణ్ణి కాబట్టి నాకు ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు వచ్చేది. సెలవులంతా మీ గోదాములో మిరపకాయల బస్తాల మీద కూర్చుని, తుమ్ముకుంటూ చదివాం. పటం లేదు, పావుల్లేవు, అయినా ఆటే. ఒకడు 'ఎదురుగా గుహ, లోపల ఏదో కదిలింది, ఏం చేస్తావు?' అని అడుగుతాడు. ఇంకొకడు ఏం చేస్తాడో చెబుతాడు. ప్రతి మనిషికీ కాగితం మీద ఇన్ని ప్రాణాలని అంకె ఉంటుంది. దెబ్బ తగిలితే అంకె తగ్గుతుంది.

ఇప్పుడు చదువుతుంటే నవ్వాగలేదు. సగం తప్పుగా అర్థం చేసుకున్నాం. ఇరవై ముఖాల పాచిక అని ఉంటే అచ్చుతప్పు అనుకుని పచ్చీసు గవ్వలు వేశాం. మనుషుల్ని ఊహించుకొమ్మని వాళ్ళు రాస్తే మనకు ఊహ ఎందుకని మన గల్లీవాళ్ళనే పేర్లతో సహా పెట్టుకున్నాం!

ఆ ఏడు సంచికలూ, మనం రాసిన కాగితాలూ గోదాములో ఇంకా ఉంటే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపు. అలాగే మా అవ్వను ఒకసారి చూసి రా. ఎనభై మూడులో బాణామతి చేస్తోందని నలుగురు మీద పడి నోట్లో పండ్లు పీకేసిన ఆ ఇంట్లోనే ఇంకా ఒంటరిగా ఉంటోంది. ఆ నలుగురెవరో పోలీసులకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. అప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. ఇక్కడికి రమ్మంటే 'నేను పోతే నిజమే అంటరు బిడ్డా' అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడదు.

నీ
ఎల్లప్ప

---

నారాయణఖేడ్
20 జూన్ 1994

ఎల్లప్పకు,

నీ ఉత్తరం నాన్న చేతికి అందింది. కవరు కాబట్టి బతికిపోయాను, కార్డయితే చదివేవాడు. ఇకమీదట దుకాణం పేరున రాయకు. పోస్టాఫీసులోనే ఉంచమని రాయి, నేను వెళ్ళి తెచ్చుకుంటాను.

కొన్న పుస్తకం తగలబెట్టు. నేను ఎందుకని అడగకుండా చెప్పినట్టు చెయ్యి. చింపి పారేయకు, కాల్చు. అందులోంచి ఒక్క కాగితం కూడా ఈ ఊరి వైపు రాకూడదు.

ఇక్కడ బాగాలేదు. కమ్మరి ఈరయ్య మనవరాలికి మూర్ఛలు వస్తున్నాయి. ఎనిమిదేళ్ళ పిల్ల. దవాఖానకు తీసుకుపొమ్మంటే 'గిది సూదులకు పోయే బీమారి గాదు' అంటున్నాడు. అతని భార్య కాశమ్మ మంచాన పడ్డప్పుడే కదా మీ అవ్వ మీద నింద పడింది. మొన్న బీదర్ దిక్కు నుంచి ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. వాడు పేరు చెప్పలేదు గాని, మీ అవ్వ ఇల్లున్న వైపు వేలు చూపించి పోయాడు.

నిన్న దుకాణం ముందు బీడీలు కాలుస్తూ మాట్లాడుకున్నారు. నా చెవులతో విన్నాను. 'పండ్లు దీసినా గొణుగుడు ఆగలే. ఈపారి నాలుక జూడాలె' అన్నాడు ఒకడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కాదనలేదు. నేను పప్పు తూస్తున్నాను. తూకం తప్పితే గిరాకీకొచ్చినవాడు నన్ను ఎగాదిగా చూశాడు.

అవ్వ బాగానే ఉంది. గల్లీ మొగలో నిలబడి చూశాను. లోపలికి మాత్రం వెళ్ళలేదు. నన్ను తిట్టుకో. వెళ్ళడం ఎవరైనా చూస్తారని భయమేసింది.

మొగులప్ప

---

ముషీరాబాద్
24 జూన్ 1994

మొగులూ,

నీ ఉత్తరం చదివాను. నాలుక అన్న మాట పాఠం చెబుతుంటే కూడా చెవిలో మోగుతోంది. నిన్న క్లాసులో మధ్యలో ఆగిపోయి నా నాలుక నేనే కొరుక్కుని చూసుకున్నాను. పిల్లలు నవ్వారు.

పోలీసులకు రాద్దామంటే పోయినసారి వచ్చినవాళ్ళు ఎవరు చేశారని అడిగితే అవ్వ నోరు విప్పలేదు. ఇంకా జరగని దానికి ఇప్పుడేం చెబుతాం? అవ్వకూ ఉత్తరం రాశాను. పక్కింటి పిల్లతో చదివించుకుని జవాబు రాయించింది. 'నువ్వు మంచిగుండు. ఈడ నాకేం భయం లేదు' అని. లేకేం? నాకే ఇంత ఉంటే ఆమెకు ఉండదా?

ఒక్క సంగతి అడుగుతాను, నిజం చెప్పు. నీ ఉత్తరంలో అవ్వ ముచ్చట చివరన నాలుగు ముక్కలు. పుస్తకం ముచ్చట మాత్రం మొదట్లోనే, అదీ కాల్చు కాల్చు అని. పాత ఆటల పుస్తకానికీ దీనికీ ఏమిటి సంబంధం? చిన్నప్పుడు అబద్ధం ఆడితే ముక్కు గోక్కునేవాడివి. ఇప్పుడు కూడా గోక్కుంటూ రాసినట్టే ఉంది. ఏం దాస్తున్నావు?

ఎల్లప్ప

---

నారాయణఖేడ్
2 జూలై 1994

ఎల్లప్పా,

ఐదుసార్లు రాసి ఐదుసార్లు చింపాను. చింపిన ముక్కలు కూడా పొయ్యిలో వేశాను. ఈసారి చింపను.

ఆ ఏడాది సెలవులు అయిపోయి నువ్వు హాస్టలుకు వెళ్ళాక నాన్న నన్ను పొట్లాలు కట్టడానికి కూర్చోబెట్టాడు. రద్దీలోంచి కాగితం తీయడం, మడవడం, సామాను పోయడం, దారం చుట్టడం. చెయ్యి దానంతట అదే పోయేది, చూసేవాణ్ణి కాదు. మన కాగితాలు ఆ రద్దీ పక్కనే పెట్టి ఉన్నాను. అందులో ఒకటి వెళ్ళిపోయింది.

అది కాశమ్మ ఉన్న కాగితం. పైన నేను పుస్తకం చూసి వేసిన కొమ్ముల బొమ్మ, చుట్టూ గీసిన చక్రం. కింద నీ రాత. కాశమ్మ, ప్రాణాలు ఆరు. ఆరు కొట్టేసి నాలుగు. నాలుగు కొట్టేసి ఒకటి. చింతకాయలు కోయనివ్వలేదని మనం ఆటలో ఆమెను చంపబోయాం, గుర్తుందా? కొట్టింది మీ అవ్వ సత్తెవ్వ అని రాశావు. సత్తెవ్వ, మంత్రగత్తె, ప్రాణాలు ఇరవై.

దాంట్లో నేను పసుపు పోసి కట్టాను. అది ఈరయ్య ఇంటికి పోయి, సామాన్లతో పాటు దూలం మీదికెక్కింది. అప్పటికే కాశమ్మకు కండ్లు పచ్చబడి మంచంలో ఉంది. ఈరయ్య పొట్లం విప్పాడు. పసుపు అంటిన కాగితం మీద కొమ్ముల దయ్యం, తన పెండ్లాం పేరు, తగ్గిపోతున్న ప్రాణాలు, చివరికి మిగిలింది ఒకటి. దుకాణం పొట్లమని ఎవరనుకుంటారు? దూలం మీద ఎవరో పెట్టిపోయారన్నారు. మూడోనాడు ఆమె చనిపోయింది. కాగితం కాల్చేసి మీ అవ్వ ఇంటి మీదికి పోయారు. నేను గోదాములో బస్తాల వెనక చెవులు మూసుకుని కూర్చున్నాను. మూసుకున్నా వినబడింది.

పదమూడేళ్ళవాణ్ణి, భయపడ్డాను. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, ఇప్పుడూ భయంగానే ఉంది. ఆ కాగితం ఎవరిదని ఒక్కరు అడిగితే చాలు. బాణామతి నేర్చింది ఈ ఇంట్లోనే అంటారు. పొద్దున పండ్లు తోముకునేటప్పుడు ఒక్కొక్కటీ నాలుకతో తడిమి చూసుకుంటున్నాను.

నన్ను ఏమైనా అను. రాయకుండా మాత్రం ఉండకు.

మొగులప్ప

---

ముషీరాబాద్
7 జూలై 1994

మొగులప్పా,

నీ ముఖం చూడకూడదు అనుకున్నాను. రెండు రోజులు అనుకున్నాను కూడా. పదకొండేళ్ళు నాతో కలిసి తిరిగావు, మా అవ్వ చేతి జొన్నరొట్టె తిన్నావు, పండ్లు పోయాక ఆమె జొన్న గటక తాగుతుంటే చూశావు. చెప్పడానికి నీకు నోరెందుకు రాలేదురా?

మూడోనాడు నా మీద నాకే కోపం వచ్చింది. రాసింది నేను. ఎందుకు రాశానో నీకు తెలియదు, చెప్పలేదు. పుస్తకంలో అందరికన్నా గొప్పది మంత్రగత్తె. ఆమెకు చెట్లూ ఆకులూ తెలుసు, చచ్చేవాణ్ణి బతికిస్తుంది, రాజు కూడా ఆమెకు భయపడతాడు. అది చదవగానే మా అవ్వే అనుకున్నాను. తేలు కుడితే ఊరంతా ఆమె దగ్గరికే కదా వచ్చేది! మనకందరికీ ఆరో ఏడో వేసి ఆమెకు ఇరవై వేశాను. మా అవ్వను ఎవరూ చంపలేరని వేశాను మొగులూ. ప్రేమతో వేశాను. ఆ ఇరవయ్యే ఆమె నోట్లో పట్కారు పెట్టించింది.

ఇప్పుడు చెప్పేది విను. వాళ్ళ దగ్గర అవ్వకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం ఆ ఒక్క కాగితమే. అది పిల్లల ఆట అని తెలిస్తే ఆమె మీద ఇంకేం మిగలదు. నీ దగ్గరున్న పుస్తకాలు కాల్చకు. నలుగురిలో చూపించు. నేనూ వస్తాను.

ఎల్లప్ప

---

నారాయణఖేడ్
11 జూలై 1994

ఎల్లప్పా,

వచ్చే శుక్రవారం సాయంత్రం చావడి దగ్గర కూర్చుంటున్నారు. అవ్వను పిలిపిస్తారట. పిల్లకు నిన్న రెండుసార్లు మూర్ఛ వచ్చింది. ఈరయ్య కొలిమి వెలిగించడం మానేసి గడపలో కూర్చుని ఉంటున్నాడు. అంతకన్నా వెలిగిస్తేనే నయమనిపిస్తోంది.

పుస్తకాలు కాల్చలేదు. కాల్చమని నీకు చెప్పానే గాని నా చేతులతో నేను ఎన్నడూ కాల్చలేకపోయాను. గోదాములో ఉప్పు బస్తాల కింద నాలుగు దొరికాయి, మూడు చెదలు తిన్నాయి. మిగిలిన నాలుగిట్లో కొమ్ముల బొమ్మ ఉంది. పొద్దున ఒక గంట తెరిచి చూశాను. మిరపకాయల ఘాటు ఇంకా పోలేదు.

చెబుతాను. చెప్పకపోతే బతకలేను. నువ్వు గురువారం బస్సుకు రా. ఇద్దరం ఉంటే లేచి నిలబడగలను.

మొగులప్ప

---

ముషీరాబాద్
14 జూలై 1994

మొగులూ,

ఇది నీకు డ్రైవరు చేతి మీదుగా అందుతుంది. నేను రావడం లేదు.

గౌలిగూడ బస్టాండు దాకా వచ్చాను. టికెట్టు తీసుకున్నాను, కిటికీ పక్కన కూర్చున్నాను. 'ఖేడ్, ఖేడ్' అని కండక్టరు అరుస్తుంటే ఒకే ప్రశ్న పట్టుకుంది. మంత్రగత్తె మనవడే స్వయంగా రాశాడంటే ఊరు ఆట అనుకుంటుందా, మంత్రాల చదువు అనుకుంటుందా? బస్సు కదలబోతుంటే దిగిపోయాను. ఆడదాని మీద నలుగురు పడ్డారని పదకొండేళ్ళు పళ్ళు కొరికినవాణ్ణి, బస్సు మెట్టు మీద నిలబడలేకపోయాను. ఎంత సిగ్గుగా ఉందో రాయడం నాకు చేతకాదు.

దీంతో పాటు ఒక కాగితం పెట్టాను. ఆ రాత నాది, ఆట కోసం రాశాను, మా అవ్వకు ఏమీ తెలియదు అని రాసి సంతకం పెట్టాను. చదివి వినిపించు. నేను లేనందుకు అవ్వ అడిగితే జ్వరమని చెప్పకు. భయపడ్డాడని చెప్పు.

ఎల్లప్ప

---

నారాయణఖేడ్
2 ఆగస్టు 1994

ఎల్లప్పా,

అవ్వ క్షేమం. ముందు ఆ మాట రాస్తే గాని మిగతాది నువ్వు చదవలేవు. ఆ మిగతాది రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది.

నలభై మంది దాకా వచ్చారు. అవ్వను మధ్యలో కూర్చోబెట్టారు. నేను లేచి, పుస్తకాలు తెరిచి, పొట్లం సంగతి మొదటి నుంచి చెప్పాను. నీ కాగితం చదివాను. స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఈరయ్య దగ్గరికొచ్చి కొమ్ముల బొమ్మను చాలాసేపు చూశాడు. 'గిదే బొమ్మ' అన్నాడు. అంతే అన్నాడు. అది నాకు మంచికో చెడ్డకో అర్థం కాలేదు. వెనక నుంచి ఎవరో 'గీడు గూడ నేర్చిండు' అన్నారు.

పెద్దమనిషి సంగయ్య తాత చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. 'ఆటంటున్నవ్ గద. ఆడి సూపియ్. మేం గూడ జూస్తం' అన్నాడు.

ఆడాలంటే ఇంకొకరు కావాలి. ఎవరూ రాలేదు. పుస్తకం నీడ కూడా తగలకూడదన్నట్టు వెనక్కి జరిగారు. అప్పుడు అవ్వ లేచి వచ్చి నా ముందు కూర్చుంది. 'నేనాడ్త. ఎట్లాడాల్నో జెప్పు కొడుకా' అంది.

'ఏం లేదవ్వా. ఏమైందో నేను జెప్త, నువ్వేం జేస్తవో నువ్వు జెప్పాలె' అన్నాను. గవ్వలు చేతిలోకి తీసుకున్నాను. గుహ గాని, రాక్షసుడు గాని, ఒక్కటీ గుర్తుకు రాలేదు. పదకొండేళ్ళుగా నా తలలో తిరుగుతున్నదే నోట్లోంచి వచ్చింది. 'నువ్వు ఇంట్ల ఒక్కదానివే ఉన్నవ్. తలుపు కొట్టిండ్రు. నలుగురు.'

అన్న తర్వాత గాని ఏమన్నానో నాకు తెలియలేదు.

'తలుపు దీస్త' అంది అవ్వ. 'ఎవలెవలున్నరో నువ్వు జెప్తవా, నేను జెప్పాల్నా?' నేను గవ్వల వైపు చూశాను. 'నేనే జెప్త తియ్. పండ్లే పోయినయి, కండ్లు మంచిగనే ఉన్నయి.'

కోపంగా చెప్పలేదు ఎల్లప్పా. బజారుకు పోయివచ్చి ధరలు చెప్పినట్టు చెప్పింది. 'ముంగట ఈరయ్య. పట్కారు బట్టుకున్నడు. పెండ్లాం సచ్చిన దుఃఖం, ఏడుస్తనే ఉన్నడు. భూమన్న నా నెత్తిని మోకాళ్ళ నడుమ ఇరికిచ్చిండు. కిష్టప్ప చేతులు బట్టిండు. నాలుగో ఆయన కాళ్ళు బట్టిండు. ఒక్కపారి గూడ నా దిక్కు జూడలే, గోడ దిక్కే జూసిండు. వీరప్ప.'

నాన్న నా వెనకే కూర్చుని ఉన్నాడు.

నీకు ఒక సంగతి రాయలేదు. కాశమ్మ చనిపోయిన రోజు నాన్న నన్ను పిలిచి 'గా కాయిదం మనదేనా?' అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. నా ముఖం చూశాడు, ఇంకేం అడగలేదు. దుకాణం తలుపులు వేసి బయటికి వెళ్ళాడు. పొట్లానికి వేసే మా దారం ముడి ఆయనకు తెలియదా? పొట్లం ఎక్కడిదని ఎవరైనా అడిగేలోపు పోయి అందరితో కలిసి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. నా కోసం పట్టుకున్నాడు. ఇది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కానీ నాకు తెలుసు, దాంతోనే బతకాలి.

'నేను జెప్పిన. ఇగ నీ వంతు. గా తర్వాత ఏమైతది?' అని అడిగింది అవ్వ. గవ్వలు నా చెమటకు తడిసిపోయాయి. వేయలేదు. ఈరయ్య తలకు చుట్టుకున్న రుమాలు తీసి ముఖం తుడుచుకుని, 'జీపు మాట్లాడుండ్రి. పిల్లను సంగారెడ్డి పెద్ద దవాఖానకు తీస్కపోదాం' అన్నాడు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా లేచి వెళ్ళిపోయారు. అక్కడ పిల్లకు మందు గోలీలు ఇచ్చారు. ఈ వారం ఒక్కసారే మూర్ఛ వచ్చింది.

నువ్వెందుకు రాలేదని అవ్వ అడిగింది. భయపడ్డాడని చెప్పాను. 'పడనీ. తిన్నడా లేదా?' అంది.

కేసు పెడతావా అని అడిగాను. పేర్లు ఇప్పుడు నలభై మంది విన్నారు కదా. 'ఇంక సోంచాయిస్తున్న. తొందరేమున్నది?' అంది.

మరునాడు పొద్దున మా దుకాణానికి వచ్చింది. ఇన్నేళ్ళలో మా మెట్టెక్కడం అదే మొదలు. ఏం కావాలవ్వా అని నేను లేచాను. 'నువ్వు గాదు' అని నాన్న వైపు తిరిగింది. 'వీరప్పా, జర పుట్నాలు ఇయ్యి. పొడి గొట్టియ్యి. నాకు పండ్లు లేవు గద.'

నాన్న రోట్లో పోసి దంచాడు. ఆమె అరుగు మీద కూర్చుని ఆయన చేతులనే చూసింది. తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, 'బరకగున్నది' అంది. మళ్ళీ దంచాడు. మెత్తబడ్డాక కొంగులో పోసుకుని 'రేపొస్త' అని వెళ్ళింది.

అప్పటి నుంచి రోజూ వస్తోంది. ఒక్క మాట ఎక్కువ అనదు. నాన్న తెల్లారకముందే లేచి రోలు కడిగి, వాకిలి వైపు చూస్తూ కూర్చుంటాడు. ఎవరి అడుగుల చప్పుడైనా ఉలిక్కిపడతాడు. నిన్న నన్ను గోదాములోకి పిలిచి, నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లవాడిలా అడిగాడు.

'మొగులూ, గామె రేపు గూడ వస్తదంటవా?'

మొగులప్ప